నౌకకు సరిపోయిన వాల్వు

విమానవాహక నౌకల విడిభాగాల అన్వేషణ, నమూనా చరిత్ర విభాగాన్ని పంజాగుట్టలో, ఒక ఇరానీ హోటలు పై అంతస్తులో నెలకొల్పారు. సముద్రం అక్కడికి చాలా దూరం. అందుకే ఆ స్థలాన్ని ఎంపిక చేశారు. ఉప్పుగాలి తగిలితే ఫైళ్లు చెడిపోతాయి. నౌక చెడిపోతే ఫైలుంటుంది. ఫైలే చెడిపోతే ఏముంటుంది?

విభాగం కింద ఉన్నది ఒకటే నౌక. అది పరదేశంలో పుట్టింది. మొదట దాని డెక్కు తిన్నగా ఉండేది. దిగే విమానాలు నిలిపి ఉన్న విమానాలను గుద్దుతున్నాయని డెక్కును ఓరగా మార్చారు. తర్వాత విమానాలను గాల్లోకి విసరడానికి ఆవిరి యంత్రం పెట్టారు. మరి కొన్నాళ్లకు అది పీకేసి ముందు భాగాన్ని పైకెత్తారు. నలభై ఏళ్లలో అన్నీ మారాయి. విడిభాగాల పట్టిక మాత్రం నిష్ఠగా మొదటి రోజు దగ్గరే నిలబడింది.

1979లో విమానాలను పై డెక్కుకు చేర్చే లిఫ్టు సగంలో ఆగింది. పిడికెడంత వాల్వు పగిలింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. పగిలిన వాల్వునూ, అది కూర్చునే గూడునూ చెక్కపెట్టెలో పెట్టి పంజాగుట్టకు పంపారు. విభాగం హుటాహుటిన రంగంలోకి దిగి ఏడేళ్లు ఉత్తరాలు రాసింది. విమానాలు కింద, పైలట్లు పైన, పదకొండు మంది ఉద్యోగులు మధ్యలో క్షేమంగా ఉన్నారు.

వారిలో శాంతిరాజు ఒక్కడే తాత్కాలిక గుమాస్తా. కాపురం అమీర్‌పేటలో, ఒంటిగది ఇంట్లో. వచ్చే నెలతో అతని వయసు నిబంధన దాటిపోతుంది. ఆ తర్వాత పర్మినెంటు కావడం కల్ల. వాల్వు దొరికిన రోజున పర్మినెంటు చేస్తానని డైరెక్టరు పేర్రాజు గారు మాట ఇచ్చారు. అటువంటి మాటను నమ్మేవాడు ఆఫీసుకొకడు ఉండాలి.

శాంతిరాజు చెక్కపెట్టెను సైకిలుకు కట్టుకుని సనత్‌నగర్ పోయాడు. లేత్ మిషన్ ఇస్హాక్ పగిలిన ముక్కలను తిప్పి చూశాడు.

"గింత దానికి ఏడేండ్లు ఏం చేసిన్రు భాయ్?"

"ఉత్తరాలు రాసినం."

"ఎవలకు?"

"కంపెనీకి. మూతపడ్డది."

"జవాబొచ్చిందా మరి?"

"రాలేదనే రిమైండర్లు రాస్తున్నం."

"శుక్రారం నమాజ్ అయినంక నేనే తెస్త. ఫికర్ చేయకు."

శుక్రవారం ఇస్హాక్ ఆఫీసుకు వచ్చి, కొత్త వాల్వును గూట్లో పెట్టి వేలితో తిప్పాడు. అది వెన్నలా తిరిగింది. ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సూపరింటెండెంటు మొగిలయ్య మొహం పాలిపోయింది.

"ఏం పని చేసినవ్ రా శాంతిరాజూ! వాల్వు దొరికితే ఇగ విభాగం దేనికి? మూసేస్తరు. నువ్వు పర్మినెంటు అయ్యి ఏ కుర్చీల కూసుంటవ్, కింద హోటల్లనా?"

పేర్రాజు గారు అత్యవసర సభ జరిపి ప్రసంగించారు.

"సోదరులారా! ఇస్హాక్ గారి పనితనం దేశానికే గర్వకారణం. కానీ ఈ వాల్వు వయసెంతండీ? నాలుగు రోజులు. నౌక వయసు నలభై ఏళ్లు. దీనికి నమూనా చరిత్ర ఏదీ? మొదటి డ్రాయింగుతో పోలిస్తే నూలుపోగంత తేడా ఉంది. ఏంటండీ ఇది?"

నౌకను మార్చిన ప్రతిసారీ ఆ గూడునూ కొంచెం మార్చారు. డ్రాయింగును మార్చలేదు. కనుక వాల్వు నౌకకు సరిపోయింది, చరిత్రకు సరిపోలేదు. ఇటువంటప్పుడు దేన్ని తిరస్కరించాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

శాంతిరాజు ముందు రెండు కాగితాలు పెట్టారు. మొదటిది, వాల్వు గూట్లో కూర్చోలేదని కళ్లారా చూసినట్టు ధ్రువపత్రం. రెండోది అతన్ని పర్మినెంటు చేసే ఉత్తర్వు. మొదటిదానిపై అతను సంతకం చేస్తే రెండోదానిపై డైరెక్టరు గారు చేస్తారు.

"నీ కండ్ల ముందటనే తిప్పిన కద భాయ్," అన్నాడు ఇస్హాక్.

"తిప్పినవ్ అన్నా," అన్నాడు శాంతిరాజు, పెన్ను మూత తీస్తూ.

ఆదివారం అతని భార్య జ్ఞానకుమారి చర్చిలో కృతజ్ఞత చెల్లించింది. దేవుడు సత్యవంతులను విడువడని పాస్టరు గారు చెప్పగా అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నౌక రేవులోనే ఉంది. పని పెరిగిందని విభాగం పక్క మేడను కూడా అద్దెకు తీసుకుంది.

సోమవారం తెల్లవారేసరికి అమీర్‌పేట పెద్దమనుషులు ఉద్యోగాలు లేని కొడుకులను వెంటబెట్టుకుని శాంతిరాజు గుమ్మం ముందు వరసకట్టారు. ఏది సరిపోలేదని రాయాలో ఒక్కరూ అడగలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో అడిగారు.

ఆ వరసలో నేనూ నిలబడ్డాను. నా ముందు మీరున్నారు.