గుట్టెక్కిన అల్లుడు

ఆ ఆదివారం పొద్దున మల్లికార్జున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గద్వాల నుంచి పెబ్బేరు దాకా తారు రోడ్డు మీద వెళ్లాలి, హోటల్లో రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తినాలి, బండికి బురద పూసుకుని ఇంటికి రావాలి.

బండేమో గుట్టలెక్కే రకం మోటార్ సైకిల్. దాని సీటు అతని బొడ్డు దాకా వస్తుంది. మల్లికార్జున్ విత్తనాల దుకాణం నడుపుకునే మనిషి. వయసు నలభై రెండు, పొట్ట కొంచెం ముందుకు, కాళ్లు కొంచెం పొట్టి. సీటెక్కి కూర్చుంటే ఏ కాలూ నేలకు అందదు. బండి ఆపాలంటే అరుగో, బండరాయో, కరెంటు స్తంభమో వెతుక్కోవాలి.

భార్య నవనీత బండి కొన్నరోజే షరతు పెట్టింది. "గుట్టలెక్కుత అని కొన్నవు గద, ఎక్కు. బజార్ల తిప్పనీకైతే గింత ఎత్తు బండి మనకెందుకు? నాలుగు ఐతారాలు సూస్త. ఎక్కకుంటే అమ్మేస్త."

మల్లికార్జున్‌కు ఆ బండంటే ప్రాణం. గుట్టంటే భయం. రెండింటికీ రాజీ పెబ్బేరు సంత పక్కన, బర్రెలు పొర్లే మడుగులో దొరికింది. చక్రాలకు రెండు దోసిళ్లు, ఇంజనుకు ఒక దోసిలి, తన మొహానికి రెండు వేళ్లు.

నవనీత మురిసిపోయింది. "ఏ గుట్టెక్కినవ్?"

"పాన్‌గల్ గుట్ట."

పాన్‌గల్ అత్తగారి ఊరని గుర్తొచ్చేసరికి మాట బయటపడిపోయింది. నవనీత అప్పటికే తండ్రికి ఫోన్ కలిపింది.

"మా ఊరికొచ్చిండా?" అన్నాడు మామ రామన్న. "ఇంట్ల కాలు పెట్టలే, మంచినీళ్లు తాగలే. అల్లుడు అలిగిండు బిడ్డా!"

రెండో ఆదివారం మల్లికార్జున్ తెలివిగా వీపనగండ్ల దిక్కు గుట్ట అన్నాడు. అక్కడ నవనీత చిన్నమ్మ ఉంది. మూడో ఆదివారం నాగర్‌కర్నూల్ దిక్కు అన్నాడు. అక్కడ మేనమామ ఉన్నాడు. చుట్టుపక్కల మూడు జిల్లాల్లో నవనీత చుట్టం లేని గుట్టను దేవుడు పెట్టలేదు.

"మావోళ్ల మూడిండ్ల ముంగట్నుంచి పోయినవు, ఒక్క గడప తొక్కలే. ఏం తక్కువ చేసిన్రు నీకు?"

"ఏం లే."

"ఏం లే అన్నోడే గట్టిగ అలిగినట్టు."

శనివారం మామ రామన్న, అత్త జానకమ్మ కోడిపుంజుతో, కొత్త బట్టలతో బస్సు దిగారు. చుట్టాలంతా వారం రోజులు ఫోన్లు చేసుకుని కారణం కనిపెట్టేశారు.

"తప్పు మాదే అల్లుడా," అన్నాడు రామన్న. "దసరాకు యాటకూరల పెద్దల్లునికి మెత్తటి కార్జమేసి, నీకు ఉత్త బొక్కలేసినం."

మల్లికార్జున్ ఆలోచించాడు. అలక లేదంటే గుట్ట లేదని ఒప్పుకోవాలి. గుట్ట లేదంటే బండి ఉండదు.

"అవ్ మామా," అన్నాడు తల వంచుకుని. "మనసుకు తాకింది."

రామన్న తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. జానకమ్మ మాత్రం బండి దగ్గరికి వెళ్లి, ఎండిన బురద ఒక పెళ్ల గిల్లి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్న మనిషి. అల్లుణ్ని పక్కకు పిలిచింది.

"మా గుట్టది ఎర్రమట్టి. ఇది నల్లగున్నది. దీన్ల బర్రె ఎంటికలు గూడ ఉన్నయి," అంది మెల్లగా. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "రేపు మా అల్లుడు అందరి ముంగట గుట్టెక్కుతడు! దిగినంక మా ఇంట్లనే బువ్వ. కార్జం మొత్తం ఆయనకే!"

"రేపు దుకాణంల పనుంది అత్తా..."

"ఇంక అలక పోలేదా?" అంటూ రామన్న మళ్లీ తువ్వాల తీశాడు.

ఆదివారం పాన్‌గల్ గుట్ట కింద నలభై మంది చుట్టాలు చాపలేసుకుని కూర్చున్నారు. కార్జం తిన్న పెద్దల్లుడు కూడా వచ్చాడు. మల్లికార్జున్ ఒక బండరాయి మీద నుంచి సీటెక్కాడు. పది గజాలు వెళ్లి, నడుం పట్టేసిందని వెనక్కి తిరగాలని అనుకున్నాడు. తిరగాలంటే ఆగాలి. ఆగాలంటే కాలు ఆనాలి. దారి పక్కన ఒక్క అరుగు కూడా లేదు. ఇక చేసేదేమీ లేక కళ్లు సగం మూసుకుని పైకే పోయాడు.

"సూడున్రి, ఒక్కతాన గూడ ఆగుత లేడు!" అన్నాడు రామన్న గర్వంగా.

"ఆయనకు ఆగుడు ఇష్టముండదు నాయినా," అంది నవనీత.

గుట్ట మీది పాత కోట గోడ అడ్డం వచ్చాక బండి దానికి ఆనుకుని ఆగింది. కింద చప్పట్లు మోగాయి. మల్లికార్జున్ వెనక్కి చూశాడు. ఎక్కేటప్పుడు దారిలా ఉన్నది ఇప్పుడు బావిలా కనిపించింది. గంట తర్వాత పొదలు పట్టుకుంటూ, ఒక్కోచోట కూర్చుని జారుతూ కిందికొచ్చాడు.

"బండేది?" అంది నవనీత.

"పైన్నే ఉన్నది. ఆడ గాలి బాగొస్తుంది."

మాట ప్రకారం కార్జమంతా అతని విస్తట్లోనే పడింది. మాట ప్రకారం నవనీత కూడా బండి జోలికి పోలేదు. అప్పటి నుంచి మల్లికార్జున్ ప్రతి ఆదివారం బస్సులో పాన్‌గల్ వెళ్లి, నడిచి గుట్టెక్కి, బండి తుడిచి, కాసేపు సీటు మీద కూర్చుని, నడిచే దిగి వస్తున్నాడు. మూడు నెలలకు నవనీతకే విసుగొచ్చి దాన్ని అమ్మకానికి పెట్టింది.

కొనడానికొచ్చిన ముగ్గురూ సగం గుట్ట దాకా ఎక్కి, కూర్చుని, నీళ్లు తాగి, బండి చాలా బాగుందని చెప్పి దిగిపోయారు.