రెండు సీట్ల బండి

లోకనాథ్ కారు కొన్నాడన్న కబురు ఉద్దనపల్లిలో రెండు రకాలుగా పాకింది. కారు కొన్నాడని కొందరు, తిక్క పట్టిందని కొందరు. స్వయంగా వెళ్ళి చూసొచ్చినవాళ్ళు మాత్రం రెండూ నిజమేనని తేల్చేశారు.

ఆ కారు కెలమంగలంలో ఒక పట్టుపురుగుల షెడ్డులో ఉండేది. ఎవరో బెంగళూరు ఆసామి కుర్రతనంలో సరదాపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారట. ముసలితనం వచ్చాక దాంట్లోకి దిగితే పైకి లేవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి రావడంతో తోటలో పడేశాడు. బోరు మోటారు బాగుచేయడానికి వెళ్ళిన లోకనాథ్‌కి మల్బరీ కట్టెల కింద దాని ముక్కు కనబడింది. కట్టెలు పక్కకు లాగి చూశాడు. పైన కప్పు లేదు. లోపల రెండే రెండు సీట్లు. మూడో మనిషి కూర్చోవడానికి జానెడు చోటు లేదు. అది చూసి అతని గుండె ఝల్లుమంది.

ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా, లోకనాథూ భువనా ఇద్దరే కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. పెళ్ళయిన కొత్తలో కృష్ణగిరి డ్యాము చూడ్డానికి బయల్దేరితే వ్యాను నిండా చుట్టాలెక్కారు. పెళ్ళికూతురి ఒళ్ళో ఎవరిదో చంటిబిడ్డ, పెళ్ళికొడుకు ఒళ్ళో చిత్రాన్నం తపేలా. తర్వాత మోపెడ్ కొన్నారు. ఇద్దరి మధ్యా గ్యాస్ సిలిండరు కూర్చుంది, సిలిండరు లేని రోజు కూతురు కూర్చుంది. కూతురు హాస్టలుకు వెళ్ళిన ఏడాది పాత కారొకటి వచ్చింది గానీ, దాని ముందు సీటు అతని తల్లి అంజనమ్మది. వెనక కూర్చుంటే ఆవిడకు వాంతులు. ఆ కారు అమ్మేసేదాకా భువన వెనక సీట్లో గులాబీ కట్టలతోనే ప్రయాణం చేసింది.

"మనిద్దరమే ఒకసారి పోయొద్దామా" అని పెళ్ళాన్ని అడిగేస్తే పోయేది. కానీ తల నెరుస్తున్న వయసులో ఆ మాట అనడానికి లోకనాథ్‌కి సిగ్గేసింది. సిగ్గుపడి కారు కొన్నాడు. నోరు తెరవడం కన్నా అదే సులువనిపించింది.

"ఏమప్పా ఇది?" అంది భువన, ఇంటి ముందు దిగిన సరుకును చూసి.

ఆమెకు గులాబీ తోట ఉంది. ఊళ్ళో కుట్టియానై అని పిలిచే చిన్న గూడ్స్ బండిని తనే నడుపుకుంటూ పోయి పూలు హోసూరు మార్కెట్లో దించి వస్తుంది. బండ్ల గురించి ఆమె దగ్గర కోతలు కోయడం కష్టం.

"స్పోర్ట్స్ కారు మే."

"స్పోర్ట్సా? ఈ ఇంట్లో ఆడేదెవురు?"

"హాబీ. పెద్ద పెద్దోళ్ళంతా పెట్టుకుంటారు."

"పూల పెట్టెలు ఎన్ని పడతాయి?"

"పూలకు కాదు మే ఇది!"

"మరి దేనికి?"

నిజం గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. "నీ కోసరమే. నీ పేరు మీదనే రిజిస్టర్ చేయిస్తాను" అన్నాడు తప్పించుకోవడానికి.

భువన ఒకసారి కారు వైపు, ఒకసారి మొగుడి వైపు చూసింది. రెంటిలో ఏది ఎక్కువ తుప్పు పట్టిందో అంచనా వేస్తున్నట్టుంది ఆ చూపు. "సరే. నా పేరు మీదనే కదా. మాట మార్చగూడదు" అని లోపలికి వెళ్ళింది.

రిపేరు పని ట్రాక్టర్ మెకానిక్ పిల్లప్పకు పడింది. పిల్లప్ప చేతిలో పడ్డ ఏ బండైనా కొంత ట్రాక్టరై తిరిగొస్తుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఈ కారుకీ ట్రాక్టర్ హారనే బిగించాడు. అది మోగినప్పుడల్లా పక్కింటి ఆవులు మేత వచ్చిందనుకుని లేచి నిలబడేవి.

లోకనాథ్ తన గుట్టు పిల్లప్ప ఒక్కడికే చెప్పాడు. "బండి తయారైనాక భువనా నేనూ ఇద్దరమే డ్యాముకు పోవల్ల. గట్టు కాడ వేడివేడి చేపలు తినల్ల. ఎవురికీ చెప్పొద్దు పిల్లప్పా."

"నా స్పానర్ మీద ఒట్టప్పా!" అన్నాడు పిల్లప్ప. పిల్లప్ప నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నమ్మడం లోకనాథ్ పొరపాటు.

కారు తలుపులకు తాళాలు లేవు. అందుకు పిల్లప్ప ఒక కిటుకు నేర్పాడు. ఇంజను పక్కనున్న గుండ్రటి మూత తీస్తే లోపల వేలెడంత నల్లటి బిళ్ళ ఉంటుంది. రోటర్ అంటారు. అది జేబులో వేసుకుంటే బండి ఎక్కడిదక్కడే. ఆ రోజు నుంచీ లోకనాథ్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు, బట్టలుతికేటప్పుడు అది భువన చేతికి దొరికేదాకా.

"ఏమప్పా ఇది, పగిలిపోయిన బొంగరం మాదిరుండాది?"

"అయ్యో, పారేసేవు! అది లేకుంటే బండి కదల్దు. దాన్ని పెరికేస్తే ఎంత పెద్ద మెకానిక్ వచ్చినా తోసుకోని పోవల్సిందే" అన్నాడు లోకనాథ్ గర్వంగా. భువన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. పెళ్ళానికి పాఠం చెప్పగలిగినందుకు అతను సాయంత్రం దాకా ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఇంతలో కారు చూడ్డానికి అంజనమ్మ పిల్లప్ప షెడ్డుకు వచ్చింది. కంటి ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన నల్లద్దాలు సర్దుకుని, చుట్టూ తిరిగి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "నా సీటు యాడరా?"

కన్నతల్లికి చోటు లేని బండి అని ఏ నోటితో చెబుతాడు? ఆవిడ కొడుకు జవాబు కోసం ఆగలేదు. "పిల్లప్పా, చూసి ఒకటి పెట్టు నాయనా" అంది. మర్నాటికల్లా పిల్లప్ప ట్రాక్టర్ మడ్‌గార్డు మీద వేసే దిండు సీటొకదాన్ని ఆ రెండు సీట్ల వెనక బోల్టులతో బిగించేశాడు. అంజనమ్మ ఎక్కి కూర్చుంటే ఊరేగింపులో అమ్మవారిలా అందరికన్నా ఎత్తులో కనబడింది. లోకనాథ్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అతన్ని కాపాడింది చట్టమే. కర్ణాటక బండిని తమిళనాడు నంబరుకు మార్చడానికి హోసూరు ఆర్టీఓ ఆఫీసుకు తీసుకుపోతే, ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు. "కాయితాల్లో రెండు సీట్లే ఉండాయప్పా. కంపెనీ ఎట్ల చేసిందో అట్లే ఉండల్ల. ఆ దిండు తీసేసి తీసుకోని రండి. హారన్ కూడా."

లోకనాథ్‌కి ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. దిండు తీయించాడు, హారన్ మార్పించాడు, నంబరు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని ప్రకటించాడు. "ఏం చేసేదమ్మా? సర్కారు చట్టం. రెండే సీట్లు. మూడో మనిషి ఎక్కితే బండినే పట్టుకుంటారు."

"చట్టం చట్టమే" అంది అంజనమ్మ నిట్టూర్చి.

"చట్టం తప్పగూడదు" అంది భువన. భువన అంత తొందరగా ఒప్పుకోవడం చూసి లోకనాథ్ అనుమానపడాల్సింది. పడలేదు.

ఆదివారం పొద్దున అతను కారుకు రోటర్ బిగించి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చేసరికి కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. గుమ్మడికాయ కొట్టడం కూడా అయిపోయింది. స్టీరింగ్ దగ్గర భువన. పక్క సీట్లో మఫ్లరు చుట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని అంజనమ్మ.

"ఇదేమి?" అన్నాడు లోకనాథ్.

"కొత్త బండి మొదట ఇంటి దేవుడి కాడికి పోవల్ల. ఇంట్లో పెద్ద మనిషి కూర్చోవల్ల. తెలీదా?" అంది భువన.

"తెలుసు. మరి నేను?"

"సీట్లు ఎన్నప్పా?"

"రెండు."

"బండి ఎవురి పేరు మీదుండాది?"

లోకనాథ్ చక్రాల కింది నిమ్మకాయల వైపు చూశాడు.

"మూడో మనిషి ఎక్కితే పట్టుకుంటారని నువ్వే కదా చెప్పినావు? టౌన్ బస్సులో రా" అంటూ ఆమె గేరు వేసింది. అంజనమ్మ ఎడమ చేయి బయటికి పెట్టి, దారిన కనబడ్డ ప్రతివాడికీ ఊపుకుంటూ వెళ్ళింది.

రాయకోట దారిలో ఉన్న ఇంటి దేవుడి గుడికి లోకనాథ్ బస్సులో నిలబడి వెళ్ళాడు. దారి పొడవునా అతనికి ఏడుపొక్కటే తక్కువ. తన బండి, తన ఎత్తు, తన చట్టం, అన్నీ కలిసి తనను రోడ్డు మీద దించేశాయి. అమ్మ మీద కోపం రాలేదు. ఆవిడ అంత సంబరంగా చేయి ఊపడం అతను తన జన్మలో చూడలేదు. కోపమంతా తన సిగ్గు మీదే వచ్చింది. అడిగుంటే భువన ఏమనేదో! నవ్వేది. నవ్వితే మాత్రం ఏం పోయేది?

అతను వెళ్ళేసరికి కారు గుడి ముందు చెట్టు నీడలో ఉంది. అంజనమ్మ దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కలేనని చెబితే పూజారే హారతి పళ్ళెం కారు దగ్గరకు తెచ్చాడట. పిల్లప్ప కూడా అక్కడే ఉన్నాడు, తన మనిషితో, ట్రాక్టరుతో, మోకుతో సహా.

"బండి స్టార్ట్ కాలేదు" అంది భువన.

"ఉండు, చూస్తాను" అంటూ లోకనాథ్ ఇంజను పక్కనున్న గుండ్రటి మూత మీద చేయి వేయబోయాడు. పిల్లప్ప ఆ చేతి మీద ఒక దెబ్బ వేశాడు.

"ఇస్త్రీ చొక్కాతో ఏంటికప్పా నీకు? శానా పెద్ద రిపేరు. షెడ్డుకు లాక్కోని పోవల్సిందే" అని, ఎందుకో భువన వైపు చూసి బానెట్ మూసేశాడు.

ట్రాక్టరు కదిలింది. కారులో స్టీరింగ్ పట్టుకుని పిల్లప్ప, పక్కన అంజనమ్మ. "మెల్లగా పోనీరా, అందరికీ కనపడల్ల!" అన్న ఆవిడ కేక మలుపు తిరిగేదాకా వినిపించింది.

రోడ్డు పక్కన మొగుడూ పెళ్ళాలు మిగిలారు. లోకనాథ్ ఊరికి పోయే బస్సు ఆగేవైపు అడుగేశాడు. భువన అతని మోచేయి పట్టుకుని రోడ్డు దాటించింది. అది కృష్ణగిరి బస్సు ఆగేవైపు.

బస్సులో కిటికీ పక్కన ఇద్దరు పట్టే సీటు దొరికింది. చేతిగుడ్డ తీయడానికి భువన పర్సు తెరిచింది. చిల్లర మధ్యలో వేలెడంత నల్లటి బిళ్ళ.

లోకనాథ్ దాన్ని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు.

"పిల్లప్ప చెప్పేసినాడా?"

"మొదటి వారమే చెప్పేసినాడు. నువ్వే చెప్తావని ఇన్నాళ్ళూ కాచుకోనుంటిని" అంది భువన కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "ఇద్దరు కూర్చునే సీటు దినమూ మన ఊరి ముందర్నే పోతా ఉండాదప్పా. ఒక మాట అడిగేదానికి ఇంత తుప్పు గోకల్నా?"

లోకనాథ్ తల వంచుకుని తన గోళ్ళ సందుల్లోని గ్రీజు చూసుకున్నాడు. అది ఇంకా పోలేదు.

కండక్టరు వచ్చాడు. భువనకు ఆడవాళ్ళ ఉచిత టికెట్ చించిచ్చి, "నువ్వు యాడికప్పా?" అని అతన్ని అడిగాడు.

"డ్యాముకు పోతా ఉండాము. ఇద్దరమే!" అన్నాడు లోకనాథ్. అన్నేళ్ళుగా లోపల అణిగున్న మాట కాబట్టి కాస్త గట్టిగానే వచ్చింది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఎంతమందని అడగలేదప్పా. ఈ బస్సు కృష్ణగిరి బస్టాండు దాకానే" అన్నాడు కండక్టరు, టికెట్ చించుతూ.