పసుపు కారు, పుష్ప కళ్లు

రేగులపాడు గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన గ్రామస్థులు శ్రీ జయప్రకాశ్ గారి స్పోర్ట్స్ కారు ఇంజను పదే పదే వేడెక్కుచున్నందున, ఇకమీదట సదరు కారు బయటికి వచ్చినప్పుడు ఎవరూ దానివైపు అదే పనిగా చూడరాదు. చూడక తప్పనివారు ఒక్కసారి చూసి, మనసులో ఏమీ అనుకోకుండా, తల తిప్పుకోవలెను. ఇట్లు, గ్రామ పంచాయతీ.

ఈ ప్రకటన పొద్దున్నే మైకులో వినిపించినప్పుడు పుష్ప ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. ప్రకటనలో ఆమెకు వింతేమీ కనిపించలేదు. కుక్కలకు టీకాల గురించీ, నల్లా నీళ్ల వేళల గురించీ చెప్పే మైకు అది. కాకపోతే ఆమె టిఫిన్ బండి సరిగ్గా జయప్రకాశ్ ఇంటి గేటుకు ఎదురుగా, బస్సులు ఆగే చోట ఉంది. తల తిప్పుకుని కాగే నూనెలో బజ్జీలు వేయడం ఎట్లాగో మాత్రం మైకులో చెప్పలేదు.

సత్తుపల్లి దాటి భద్రాచలం వైపు పోతుంటే పామాయిల్ తోటలు పలచబడి అడవి చిక్కబడే చోట ఉంటుంది రేగులపాడు. జయప్రకాశ్ తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. తండ్రి వెంకటరామారావు గారు వాటిలో పామాయిల్ వేశారు. మూడో తరం ఏం చేయాలో తోచక, హైదరాబాద్‌లో ఒక బిల్డరు వాడి విసిగి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొన్నది. ఇంట్లో మనుషులు ఐదుగురు, కారులో సీట్లు రెండు. రంగు పసుపు కాబట్టి శుభమని రాఘవమ్మ గారు, అంటే జయప్రకాశ్ తల్లి, సీట్ల విషయం పట్టించుకోలేదు.

ఆ కారు కన్ను మూసి తెరిచేలోగా కనుమరుగయ్యేంత వేగంగా పోగలదని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. అయితే దాని పొట్ట నేలకు జానెడు ఎత్తున కూడా ఉండదు. ఊళ్లో ఇంటికొకటి చొప్పున స్పీడ్ బ్రేకర్లున్నాయి. అందువల్ల కారుకు ముందు ఇద్దరు పాలేర్లు చెక్కపలకలు మోస్తూ నడిచేవారు. స్పీడ్ బ్రేకరు రాగానే పలకలు వాల్చేవారు, కారు దాటగానే మళ్లీ ఎత్తుకునేవారు. ఆ విధంగా ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన వాహనాల్లో ఒకటి రేగులపాడులో పాలేర్ల నడక వేగంతో ప్రయాణించేది. వాళ్లు బీడీ ముట్టించుకుంటే అదీ ఆగేది.

మరమ్మతుల బాధ్యత ట్రాక్టర్ మెకానిక్ బలరాం తీసుకున్నాడు. అతడు విప్పలేని యంత్రం ఈ చుట్టుపక్కల లేదు. బిగించడం వేరే సంగతి. విప్పిన ప్రతిసారీ రెండు మూడు సామాన్లు మిగిలేవి. కంపెనీ వాళ్లకు చెయ్యి నిలవదని, ఉన్నవీ లేనివీ పెట్టేస్తారని చెప్పి వాటిని జేబులో వేసుకునేవాడు. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న కుప్పకు తగిలి ముందు బంపరు ఊడితే కట్టుతీగతో కుట్టాడు. వడ్ల బస్తాల పక్కన నిలిపినందుకు ఎలుకలు వైర్లు కొరికితే ట్రాక్టరు వైర్లు అతికించి, ఎలుకల కోసం ఒక పిల్లిని నియమించాడు. పిల్లి ఇంజను మీద వెచ్చగా పడుకుని ఎలుకల జోలికి పోలేదు. ఇంజను చల్లబడడానికి కంపెనీ వాళ్లు రేడియేటరులో పోసిన ఆకుపచ్చ నీళ్లు కనిపిస్తే, నిలవుండి పాచిపట్టాయని పారబోసి, శుభ్రమైన బోరు నీళ్లు పోశాడు.

ఇవన్నీ చిన్న మరమ్మతులు. పెద్ద మరమ్మతు రాఘవమ్మ గారు చేశారు.

కారు ముందు భాగంలో నోరులాగా వెడల్పాటి జాలీ ఉంటుంది. ఇంజనుకు గాలి ఆడడానికి కంపెనీ వాళ్లు పెట్టినది. వచ్చిన రోజునే ఆమె దానికి నిమ్మకాయల దండ, ఎండుమిరపకాయల గుత్తి కట్టారు. వారంలో కారు దమ్మపేట దాకా పోయి వేడెక్కి ఆగింది. దిష్టి బలంగా ఉందని అర్థమై ఒక బూడిద గుమ్మడికాయ చేర్చారు. ఈసారి దమ్మపేట దాకా కూడా పోలేదు. నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ, అంచులకు నల్లతాళ్లు చేరాయి. కారు ఊరి పొలిమేరలోనే పొగలు కక్కింది. చివరికి నల్ల గొంగడి ఒకటి మడతపెట్టి జాలీ మొత్తానికి కప్పి, ఈగ దూరకుండా కట్టారు. ఆ రోజు కారు గేటు దాటలేదు. దిష్టి ఏ స్థాయిలో ఉందో దాన్నిబట్టి ఊరంతా గ్రహించింది.

మధ్యలో ఒకసారి జయప్రకాశ్ హైదరాబాద్ కార్ల షెడ్డు మనిషికి వీడియో కాల్ చేసి కారును చూపించాడు. అతడు చూసి, "సార్, ముందల జాలీకి కట్టినయన్నీ తీసెయ్యండి. గాలి తగలకుంటే ఇంజను ఉడుకుతది," అన్నాడు.

"ఎవరో దేవుడంటే భయం లేనివాడు. ఫోను పెట్టెయ్ నాన్నా," అన్నారు రాఘవమ్మ గారు. జయప్రకాశ్ పెట్టేశాడు.

ఇదంతా పుష్పకు మేలే చేసింది. కారు బాగుచేయడం చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. నిలబడి చూస్తే ఆకలవుతుంది. పొద్దున ఇడ్లీలతో సరిపెట్టుకునే పుష్ప మధ్యాహ్నానికి బజ్జీలు, సాయంత్రానికి పెసర గారెలు మొదలుపెట్టి రెండో పొయ్యి కూడా కట్టింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ బండే ఆధారం. కూతురు ఖమ్మంలో నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు ఈ పొయ్యి మీదే ఉడకాలి. బలరాం బానెట్ ఎత్తిన రోజున ఆమె రెండు చేతులూ సరిపోయేవి కావు.

రెండో పొయ్యిని ఊరు గమనించింది. ఒకచోట ఇంజను ఉడుకుతోంది, ఎదురుగా ఒక ఆడమనిషి వ్యాపారం కూడా ఉడుకుతోంది. రెండింటికీ సంబంధం లేదని ఎవరనగలరు? మైకు ప్రకటన తర్వాత కూడా కారు ఆగేసరికి పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారు. సభలో హైస్కూలు సైన్సు మాస్టారు ఉదయ్ భాస్కర్ గారిని మాట్లాడమన్నారు. మూఢనమ్మకాలకు తావులేకుండా నిర్ణయం జరగాలని సర్పంచ్ గారి పట్టుదల.

"సభకు నమస్కారం," అన్నారు మాస్టారు. "చూపు ఒక శక్తి. శక్తికి వేడి ఉంటుంది. భూతద్దం కింద కాగితం కాలడం మీరంతా చూశారు. అందరం కారును చూశాం, కాదనను. కానీ మనం వచ్చి చూసి పోయాం. పుష్ప గారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేచోట నిలబడి, ఒకే కోణంలో చూస్తున్నారు. ఆమెను నిందించడం నా ఉద్దేశం కాదు. ఇది భౌతికశాస్త్రం."

చప్పట్లు ఆగాక పుష్ప లేచింది.

"నేను కడాయి దిక్కు చూస్త సారూ, కారు దిక్కు కాదు. చూసిందంతా మీరే. నా కాడ బజ్జీలు తినుకుంట అందరు దాన్నే చూసిండ్రు గదా."

ఈ అభ్యంతరానికి మాస్టారు తడుముకోలేదు. తినేటప్పుడు శక్తి అంతా అరుగుదలకు పోతుందని, చూపులో మిగలదని వివరించారు. అమ్మేవారి సంగతి వేరు.

"పుష్పక్కా, నిన్ను ఎవలేమంటలేరు," అన్నాడు సర్పంచ్ ఎంతో మెత్తగా. "నీ కండ్లతోనే తిప్పలు."

ఆమె గౌరవానికి ఏ మాత్రమూ భంగం కలగకుండా, బండిని ఊరవతల అడవి దారిలో కల్వర్టు దగ్గరికి మార్చాలని తీర్మానించారు. అక్కడ బస్సు ఆగదు. మనుషులు కూడా సాధారణంగా ఆగరు. కూతురి పరీక్షలయ్యే దాకా ఇక్కడే ఉండనివ్వమని పుష్ప అడిగింది. ఇంజను అప్పటిదాకా ఆగదన్నారు.

చివరి ఆశగా ఆమె వెంకటరామారావు గారిని గేటు దగ్గర కలిసింది. ఆయన చదువుకున్నవారు, పేపర్లు రెండు తెప్పిస్తారు. పుష్పను కుర్చీలో కూర్చోమని కూడా అన్నారు.

"ఇట్లాంటివి నేను నమ్మను పుష్పా. ఒక్క ముక్క కూడా నమ్మను. కానీ ఇంట్లో ఆడవాళ్లు నమ్ముతున్నారు, ఊరు నమ్ముతోంది. నేనొక్కడినీ ఏం చేయను చెప్పు?"

పుష్ప లేచి పొయ్యి ఆర్పడానికి పోయింది. మర్నాడు బండిని తరలించడానికి ఆయన తన ట్రాక్టరు కిరాయి లేకుండా పంపారు.

అదే రోజున రాఘవమ్మ గారు, జయప్రకాశ్ కలిసి కారుకు శాంతి చేయించడానికి భద్రాచలం బయలుదేరారు. పోయేటప్పుడు అడవిలో చాలాచోట్ల ఆగవలసి వచ్చింది. వెనకాల బలరాం మోటారు సైకిలు మీద నీళ్ల డబ్బాలతో వచ్చాడు. ఎలాగో గోదావరి ఒడ్డుకు చేరాక అక్కడ ఒక ముసలి పూజారి కారును చుట్టూ తిరిగి చూశాడు. దిష్టి పీల్చిన సామాను బండికి ఉంచకూడదని, అంతా విప్పి ఇక్కడే వదిలెయ్యమని, కొత్తవి వచ్చే అమావాస్యకు కట్టుకోమని చెప్పాడు. నిమ్మకాయలు, మిరపకాయలు, గుమ్మడికాయ, రాక్షసుడు, గొంగడి అన్నీ విప్పేశారు. కారు నోరు తెరుచుకుంది.

తిరుగు దారిలో అది ఆగలేదు. పాల్వంచ దాటింది, అడవి దాటింది, ఎక్కడా వేడెక్కలేదు. నీళ్ల డబ్బాలు బలరాం వెనక డబడబ కొట్టుకుంటూ దండగకు వచ్చాయి. ఊళ్లోకి వచ్చేసరికి గేటు ఎదురుగా పుష్ప బండి లేదు. మసి పట్టిన నేల, చెదిరిన పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి.

రాఘవమ్మ గారి కళ్లు చెమర్చాయి. "చూశావా నాన్నా, అటు ఆవిడ కదిలింది, ఇటు కారు కదిలింది," అన్నారు.

శాస్త్రానికి రుజువు కావాలి. రుజువు గేటు ముందు ఆగి ఉంది. ఉదయ్ భాస్కర్ గారు తొమ్మిదో తరగతి పిల్లలను వరసగా తీసుకొచ్చి చల్లటి ఇంజనును చూపించారు.

ఖాళీ జాగా ఊరికి అందం కాదు. వారం తిరక్కుండా అక్కడ రేకుల షెడ్డు లేచింది. సర్పంచ్ గారి బామ్మర్ది అందులో ఫ్యామిలీ టిఫిన్ సెంటర్ ప్రారంభించాడు. రిబ్బను కత్తిరించిన సర్పంచ్ గారు నిరుద్యోగ యువత స్వయం ఉపాధి వైపు అడుగులేయాలని, గ్రామంలో అవకాశాలకు కొదవ లేదని ఉపన్యసించారు. ఇడ్లీ గట్టిగా వచ్చింది. ఫ్యాను బాగా తిరిగింది.

అమావాస్య వచ్చింది. గండం గట్టెక్కించిన దేవుడికి కృతజ్ఞతగా రాఘవమ్మ గారు ఈసారి రెండు గుమ్మడికాయలు, రెండు గొంగళ్లు కట్టించారు. మర్నాడు పొద్దున కారు గేటు దాటి, సరిగ్గా టిఫిన్ సెంటర్ ముందుకు వచ్చి, ఎన్నడూ లేనంత పొగ చిమ్మి నిలిచిపోయింది. బామ్మర్ది చేతిలో గరిటెతో, నోరు తెరుచుకుని, అదే కోణంలో దాన్నే చూస్తున్నాడు. జనం కారును చూశారు. తర్వాత బామ్మర్దిని చూశారు. ఒక్క క్షణం ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"పాత బండి గదా," అన్నారు ఉదయ్ భాస్కర్ గారు ఇడ్లీ తుంచుతూ. "సెకండ్ హ్యాండు వాటికి ఇవి మామూలే."

అందరూ ఊపిరి వదిలారు. నిజమే, పాత బండి. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. సభ అక్కర్లేకపోయింది. కారును అమ్మకానికి పెట్టారు.

ఈ కబురు కల్వర్టు దగ్గరికి బలరాం తెచ్చాడు. అప్పటికి పుష్ప రెండో పొయ్యి తీసేసింది, మొదటిది సగం రోజు మండుతోంది. కూతురు ఫోను చేసి, ఈ ఏడాది ఆపేసి ఏదైనా దవాఖానాలో పనికి కుదురుతానంటోంది.

"అక్కా, నీ తప్పేం లేదంట. కారే పాతదంట. అందరు అనుకుంటుండ్రు," అన్నాడు బలరాం సంతోషంగా.

"అవ్‌నా. మరి నా జాగ?"

"జాగ ఏందక్కా?" బలరాంకు నిజంగానే అర్థం కాలేదు. "ఆడ హోటల్ పెట్టిండు గదా. ఫ్యాను గూడ పెట్టిండు."

పుష్ప అతడికి చాయ్ పోసి ఇచ్చింది. తల ఎత్తలేదు. ఈ మధ్య ఆమె ఎవరికి ఏమిచ్చినా తల ఎత్తకుండానే ఇస్తోంది. వచ్చినవాళ్లను చెప్పులను బట్టి గుర్తుపడుతుంది. ఇది కూడా ఒక నైపుణ్యమేనని, కష్టపడితే ఎవరికైనా పట్టుబడుతుందని సర్పంచ్ గారు మెచ్చుకున్నారు.

భద్రాచలం పోయే కార్లు ఆ మలుపు దగ్గర నెమ్మదిస్తాయి. కల్వర్టు పక్కన పొగ కనిపిస్తుంది, తల వంచుకున్న ఒక ఆడమనిషి కనిపిస్తుంది. ఆమె సంగతి ఎవరు చెబుతారో గానీ, కార్ల అద్దాలు ఒకటొకటిగా పైకి లేస్తాయి. మీరు అటు వెళ్లినప్పుడు మీ కారు అద్దమూ లేస్తుంది. మీరు చదువుకున్నవారు, ఇట్లాంటివి నమ్మరు. ఏసీ కోసమేనని మాకు తెలుసు.