పాటకు ముందు రెండు నిమిషాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళకు విచ్చేయు సమస్త సంగీత బృందాలకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మా ప్రాంతంలో పాట అంటే సన్మానాలన్నీ అయ్యాక టైము మిగిలితే చేసే పని. ఇది చట్టం కాదు. చట్టమైతే ఎవరో ఒకరు అతిక్రమించేవాళ్ళు.

ఈ సలహాలివ్వడానికి నువ్వెవరివయ్యా అని అడగొచ్చు. నా పేరు మోహనకృష్ణ. తెనాలిలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు, అందుకని పాడను. ఉపన్యాసం కూడా ఎక్కడా నేర్చుకోలేదు. (అది మాత్రం ఆపలేదు.) 'మూడూళ్ళ సంగీతాభిమానుల పోరాట సమితి'కి నేనే వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి, శాశ్వత అధ్యక్షుణ్ణి కూడా. సభ్యులం ఇరవై ఇద్దరం. అందులో ఇరవై ఒక్కమందిమి కార్యవర్గం. మిగిలిన ఒక్కడు మైకు సెట్టు రఫీ. పదవి తీసుకోవయ్యా అంటే "నాకు పనుందండి" అన్నాడు. అలాంటివాళ్ళ వల్లే ఉద్యమాలు పాడవుతాయి.

పోరాటం దేనికంటే, విజయవాడలో పాడిన బ్యాండ్లు మద్రాసు వెళ్తూ మా ఊరి మీదుగానే పోతాయి. రైలు ఆగుతుంది, గిటార్లు కిటికీలోంచి కనిపిస్తాయి, ఎవరూ దిగరు. ఇది అవమానం కాదా? మూడు రోజులు నిరాహార దీక్ష చేశాను. (ఉదయం టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం భోజనం దాకా.) దేశంలో ఉన్న బ్యాండ్లన్నిటికీ బహిరంగ లేఖలు రాశాను. ఒక్కళ్ళు జవాబిచ్చారు. విశాఖపట్నం బ్యాండు, పేరు 'ఉప్పుగాలి', ఐదుగురు. నా లేఖలో వాదనకు లొంగి కాదు, వాళ్ళ గాయని షబానాది రేపల్లె కావడం వల్ల.

ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"బాబాయ్, ఒక్కటే అడుగుతున్నాను. మా అమ్మ నేను స్టేజీ మీద పాడటం ఇంతవరకూ వినలేదు. ఈసారి వస్తానంది. వింటాను, బాగుంటే పాడుకో, లేకపోతే ఇంటికొచ్చి మిషనెక్కు అంది."

వాళ్ళమ్మ కరీమాబీ రేపల్లెలో బట్టలు కుడుతుంది.

"వినిపిద్దాం తల్లీ. దానికేంటి?"

"అమ్మ ఎనిమిదిన్నర రైలుకి తిరిగి వెళ్ళిపోవాలి. ఆరింటికి సభన్నారుగా, ఏడింటికల్లా పాట మొదలెట్టేద్దాం. సన్మానాలూ అవీ..."

"ఒక్క శాలువా. ఒక్క నిమిషం. మోహనకృష్ణ మాటంటే మాటే."

ఆ మాట మీద నిలబడటానికి నేను చేయని కృషి లేదు. కార్యవర్గాన్ని పిలిచి, ఏ వక్తా రెండు నిమిషాలు దాటరాదని తీర్మానం పెట్టాను. దాని మీద చర్చ నాలుగు గంటలు సాగి ఏకగ్రీవంగా నెగ్గింది. అమలు కోసం కాలనియంత్రణ ఉపసంఘం వేశాం. కన్వీనర్‌గా రిటైర్డ్ హెడ్మాస్టర్ బసవేశ్వరరావు గారు తమ స్కూలు గంట తామే తెచ్చుకున్నారు.

ఇక్కడ బృందాలకు ఊరువారీ సూచనలు. తెనాలి ప్రేక్షకుడు నాటక పోటీలు చూసి పెరిగినవాడు. మీరు పాడుతుంటే చప్పట్లు కొట్టడు, మార్కులు వేస్తాడు. బాపట్లలో పాటెలా ఉందని మీరడిగితే, సముద్రం చూశారా అని వాళ్ళడుగుతారు. చూశాం అనండి, లేకపోతే ఆటో పిలుస్తారు. రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. తప్పించుకుని ముందుకు పోయే దారుండదు కాబట్టి సన్మానాలకు అంతకంటే అనువైన ఊరు లేదు.

మూడూళ్ళకూ ఉమ్మడి సూచన: డ్రమ్ములు తెచ్చుకోవద్దు. వేదిక మీద కుర్చీలు పడతాయి, డ్రమ్ములు పట్టవు. ఉప్పుగాలివాళ్ళు మధ్యాహ్నమే వచ్చి వేదికంతా సర్దుకున్నారు. అప్పటికి మేం కుర్చీలు వేయలేదు పాపం. ఇరవై ఒక్క కుర్చీలు వేశాక డ్రమ్ములు కిందికి, జనరేటర్ పక్కకి దిగాయి. డ్రమ్ములు కొట్టే శ్యామ్ బాపట్ల కుర్రాడే. విశాఖలో నాలుగేళ్ళుండి పద్ధతులు మర్చిపోయాడు.

"సార్, పాడేది మేం కదా. కుర్చీలెందుకండీ?" అన్నాడు.

"కూర్చోడానికి బాబూ," అన్నాను.

ఆరింటికి తెనాలిలో సభ మొదలైంది. కరీమాబీ ముందు వరసలో కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి, సంచిలో టిఫిన్ డబ్బా. వాళ్ళమ్మాయి వేదిక మీద చివరి కుర్చీలో, సగం కుర్చీ మీద, సగం గాల్లో. తల్లి చెయ్యూపింది. అమ్మాయి ఊపబోయేలోపు మెడలో దండ పడింది.

వేదిక మీదికి ఆహ్వానించడంలో మాకొక పద్ధతుంది. అందరూ రండి అనకూడదు. ఒక్కొక్కరినీ పేరు, బిరుదు, చేసిన సేవలతో సహా పిలవాలి. ఒక్క పేరు తప్పినా ఆయన జీవితకాలం మన పెళ్ళిళ్ళకు రాడు. దానికి ముప్పావుగంట పట్టింది. ఇది ప్రసంగం కాదు కాబట్టి రెండు నిమిషాల నియమం కిందికి రాదని బసవేశ్వరరావు గారు గంట కొట్టి మరీ తేల్చారు. ఇంత నిష్పక్షపాతంగా గంట కొట్టినందుకు వెంటనే ఆయనకు శాలువా కప్పాం.

శాలువాల ఇన్‌చార్జి శాలేమురాజు. ఒక్క శాలువా తెమ్మంటే నలభై తెచ్చాడు.

"బ్యాండులో ఉన్నది ఐదుగురే కదరా?"

"తక్కువైతే మాట పడేది నేనన్నా. ఎక్కువైతే ఎవరికో ఒకరికి కప్పొచ్చు."

కప్పాం. ఏప్రిల్ నెలలో, ఫ్యాన్లు లేని వేదిక మీద, నలభై ఉన్ని శాలువాలు. బ్యాండు వచ్చిన వ్యాను డ్రైవరుకొకటి. జనరేటర్ చూసుకునేవాడికొకటి. కింద కూర్చున్న కరీమాబీని కూడా పైకి పిలిచి, 'కళామాతృమూర్తి' అని అప్పటికప్పుడు బిరుదిచ్చి ఒకటి కప్పాం. ఆవిడ దాన్ని తిప్పి కుట్టు చూసింది.

"అంచు సరిగ్గా మడవలేదు బాబూ," అంది. తర్వాత మెల్లగా, "పాట ఎప్పుడు?" అని అడిగింది.

"ఇదిగోనమ్మా, రెండు నిమిషాలు."

వక్తలు నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ప్రతివాడూ మొదటి నిమిషం, రెండు నిమిషాల్లో ఏం మాట్లాడతామని నిరసన తెలిపాడు. రెండో నిమిషం, టైము లేదు కాబట్టి ఆపేస్తున్నానని చెప్పాడు. ఆ రెండింటికీ మధ్య ఎంతసేపు మాట్లాడాలో తీర్మానంలో రాసుకోలేదు. తీర్మానం రాసింది నేనే. ఏడూ యాభైకి షబానా కుర్చీలోంచి వంగి నా చెవిలో చెప్పింది.

"బాబాయ్, ఒక్క పాట. అమ్మ వెళ్ళిపోతుంది."

నా రక్తం మరిగిపోయింది. ఒక తల్లి, ఒక బిడ్డ, మధ్యలో ఈ ఉపన్యాసాలు. ఇంతటి అన్యాయం చూస్తూ ఊరుకునే మనిషిని కాదు నేను. మైకు లాక్కున్నాను.

ఆ రోజు నేను మాట్లాడినట్టు జన్మలో మాట్లాడలేదు. ఉపన్యాసాలు పాటను ఎలా చంపుతున్నాయో చెప్పాను. సన్మానాల సంస్కృతిని కడిగేశాను. ఒక తల్లి చెవికీ ఒక బిడ్డ గొంతుకీ మధ్య నిలబడే హక్కు ఎవడిచ్చాడని, మైకు పట్టుకుని, సరిగ్గా ఆ ఇద్దరి మధ్యా నిలబడి అడిగాను. బసవేశ్వరరావు గారు గంట కొట్టారు. అంగీకారం తెలుపుతున్నారనుకున్నాను. రఫీ కింద నుంచి చేతులూపాడు. అభివాదం అనుకున్నాను. ఎనిమిదీ పదికి కరీమాబీ లేచి నిలబడింది. నా ఉపన్యాసానికి లేచి నిలబడ్డ మొట్టమొదటి మనిషి. ఆ తల్లి స్పందన చూడండి అని మరో పావుగంట మాట్లాడాను.

చూసేసరికి కుర్చీలో శాలువా ఉంది, ఆవిడ లేదు. రైలుకి స్వాగతోపన్యాసం ఉండదు, ఎనిమిదిన్నరంటే ఎనిమిదిన్నరకే పోతుంది.

షబానా పాడింది. మైకు పర్మిషన్ తొమ్మిది దాకానే కాబట్టి, వందన సమర్పణ పోగా ఒకటిన్నర పాట. రెండో పాట మధ్యలో రఫీ కనెక్షన్ పీకేశాడు. ఆ అమ్మాయి కళ్ళు ఆ ఖాళీ కుర్చీ మీదే ఉన్నాయట. చాలా బాగా పాడిందని విన్నాను. నేను చూడలేదు, ఆ టైములో వెనకాల నిలబడి, నా ఉపన్యాసం ఎలా ఉందని శాలేమురాజుని అడుగుతున్నాను.

మర్నాడు ఆదివారం. శాలువా పట్టుకుని రేపల్లె వెళ్ళాను. తప్పు నాదే, చెప్పుకోవాలిగా. కరీమాబీ మిషను ఆపకుండానే కూర్చోమంది.

"అమ్మా, క్షమించాలి. ఈసారి బాపట్లలో పెడతాం. ముందు పాట, తర్వాతే..."

"నేను రాను బాబూ. రాత్రి వాళ్ళు వ్యానులో ఇటే వచ్చారు. పొద్దున నేను పిండి కలుపుతుంటే వంటింట్లో పాడింది. ఆ బాపట్ల పిల్లాడు గిన్నె మీద దరువేశాడు."

"ఎలా ఉందమ్మా?"

మిషను ఆగింది.

"పిండి అలాగే ఎండిపోయింది. ఇంకోటి, ఇంకోటి అని నాలుగు పాడించుకున్నాను. మిషను సంగతి మర్చిపో, వెళ్ళి పాడుకోమన్నాను."

నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కానీ సంస్థ అన్నాక రికార్డులు చూసుకోవాలి.

"అధ్యక్షత ఎవరు వహించారమ్మా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, శాలువా అందుకుని, అంచు సరిగ్గా మడిచి కుట్టి, నా భుజం మీద వేసి పంపించింది.

కాబట్టి బృందాలకు మనవి. నిరభ్యంతరంగా రండి. మా ప్రాంతంలో మంచి శ్రోతలున్నారు, వంటిళ్ళలో ఉంటారు. షబానా విషయం మొన్న కార్యవర్గంలో చర్చకు వచ్చింది. అధ్యక్షుడు లేని సభ చెల్లదు కాబట్టి, మా మినిట్స్ పుస్తకం ప్రకారం కరీమాబీ వాళ్ళమ్మాయి పాట ఇంకా వినలేదు.