మా కారు ముల్లు చల్లగా ఉండాలి!

పెట్రోలు ఎంతుందో సరిగ్గా చూపించే ముల్లు ఉన్న కార్లవాళ్లని చూస్తే నాకు జాలి. పాపం, వాళ్లకి దేవుడితో పనుండదు, దారిన పోయేవాళ్లతో పనుండదు, చివరికి పక్క సీట్లో కూర్చున్న సొంత మనిషితో కూడా పనుండదు! ముల్లు చూసుకుంటారు, బంకులో పోయించుకుంటారు, వెళ్లిపోతారు. అదీ ఒక ప్రయాణమేనా?

మాకా దౌర్భాగ్యం లేదు. మా కారు ముల్లు రెండేళ్లుగా ముప్పావు దగ్గరే ఉంది. పోయించినా ముప్పావే, పోయించకపోయినా ముప్పావే. బండి నడిరోడ్డు మీద ఆగిపోయి, వెనక లారీలవాళ్లు మా వంశం మొత్తాన్నీ తలుచుకుంటున్నప్పుడు కూడా అది ముప్పావు చూపిస్తూ నిబ్బరంగా ఉంటుంది. అంత నిబ్బరం ఈ జన్మలో నాకెప్పుడైనా ఉందా!

పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ కార్లు వస్తున్నాయని మొన్న పేపర్లో గొప్పగా రాశారు. రావడమేమిటండీ? మా ఇంటికి ఎప్పుడో వచ్చింది! మాది పెట్రోలుతోనూ గ్యాసుతోనూ నడుస్తుంది. ఆటోనగర్‌లో నాసిర్ అనే మెకానిక్ డిక్కీలో గ్యాసు ట్యాంకు బిగించి, స్టీరింగు పక్కన ఒక స్విచ్చి పెట్టాడు. పైకి నొక్కితే పెట్రోలు, కిందికి నొక్కితే గ్యాసు. స్విచ్చి మీద నాలుగు పచ్చ లైట్లు. గ్యాసు నిండుగా ఉంటే నాలుగూ వెలగాలి, తగ్గేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోవాలి.

వెలుగుతాయి, కాదనను. ఎప్పుడన్నది మాత్రం వాటి ఇష్టం. కారు ఎడమకి తిరిగితే నాలుగు, కుడికి తిరిగితే ఒకటి. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మూడు, దిగితే చీకటి.

"ఇదేంటి నాసిర్?" అని అడిగితే, అతను చేతులు తుడుచుకుంటూ, "లైట్లని నమ్మొద్దమ్మా, ముల్లుని అసలే నమ్మొద్దు. పోయించుకుంటా పోవటమే" అన్నాడు.

మా ఇంట్లో పోయించేదెవరు? పెట్రోలు లేకపోతే గ్యాసుందిగా అని మా వారు జానకిరామయ్యగారు. గ్యాసు లేకపోతే పెట్రోలుందిగా అని మా అబ్బాయి జయదేవ్. ఒకదాని మీద ఒకటి భరోసాతో రెండూ ఖాళీగా ఉంటాయి.

నా సంగతి చెప్పాలి. నేను భయస్తురాలిని. ఎనిమిదో తరగతితో చదువు మానేశాను గానీ, భయపడటంలో మాత్రం పెద్ద పెద్ద డిగ్రీలే ఉన్నాయి. గ్యాసు నిండుగా ఉందని తెలిస్తే పేలుతుందని భయం. ఖాళీగా ఉందని తెలిస్తే ఆగుతుందని భయం. ఏమీ తెలియనివ్వని ముల్లూ లైట్లూ అయితే రెండు భయాలూ ఒకేసారి పడొచ్చు. ఎంత టైము కలిసొస్తుందో ఆలోచించండి!

పైగా మా ఇంట్లో మనుషులు కూడా ఆ ముల్లు దగ్గరే ట్రైనింగ్ అయినట్టున్నారు. ఎవర్ని ఎప్పుడడిగినా ముప్పావే!

మొన్న దసరా దాటినప్పటినుంచీ మా వారు మూడో అంతస్తులోని మా ఫ్లాటుకి ఎక్కుతూ రెండో అంతస్తులో ఆగడం మొదలుపెట్టారు. అక్కడి గోడకి నీళ్ల మోటారు టైమింగుల కాగితం అంటించి ఉంది. దాన్ని రోజూ శ్రద్ధగా చదివేవారు. ఆ కాగితం రాసి అంటించింది ఆయనే!

"ఏవండీ, ఒంట్లో బాగుందా?" అంటే, "నాకేమే, బ్రహ్మాండంగా ఉన్నా" అనేవారు. మా అమ్మాయి సంయుక్తనడిగితే, "ఏం లేదమ్మా" అనేది. తండ్రీకూతుళ్లు చెప్పులు కొనాలంటూ మూడుసార్లు బెంజ్ సర్కిల్‌కి వెళ్లొచ్చారు. మూడుసార్లూ చెప్పులు రాలేదు. సైజు దొరకలేదట! యాభై ఎనిమిదేళ్ల మనిషికి పాదం పెరుగుతోందా?

ఆయనకేదో అయిందని నాకు తెలుసు. ఏమయిందో ఒక్కరు చెబితే చాలనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

సరే, ముల్లు వల్ల లాభాలు వినండి.

భక్తి పెరుగుతుంది. కృష్ణ మీద వారధి ఎక్కగానే జయదేవ్ ఏసీ ఆపేస్తాడు, సంయుక్త పాటలు ఆపేస్తుంది, మా వారు విష్ణు సహస్రనామం అందుకుంటారు. అటు ఒడ్డు కనపడగానే ముగ్గురూ మామూలైపోతారు. ఆ వారధి ఇంకో రెండు కిలోమీటర్లు కట్టుంటే ఆయనకి వెయ్యి నామాలూ కంఠతా వచ్చేవి కదా!

పిల్లలు దారిలో పడతారు. ఇదివరకు జయదేవ్ ఎనభైకి తక్కువ నడిపేవాడు కాదు. ఇప్పుడు నలభై దాటడు. స్పీడు పెంచితే ఉన్నది కాస్తా అయిపోతుందని! తల్లిగా పదేళ్లు మొత్తుకున్నా రాని బుద్ధి, పాడైపోయిన ముల్లు పదిరోజుల్లో నేర్పింది.

అరువులు తగ్గుతాయి. కింది ఫ్లాటు తెరేసమ్మగారు వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి కారు అడిగారు. "భేషుగ్గా తీసుకెళ్లండి తెరేసమ్మగారూ! కాకపోతే ముల్లు చూడకండి, లైట్లు చూడకండి, పెళ్లికూతుర్ని ఎక్కించకండి" అన్నాను. ఆవిడ ఆటో పిలిపించుకున్నారు.

అన్నిటికంటే పెద్ద లాభం ఇప్పుడు చెబుతాను.

ఫిబ్రవరిలో ఉయ్యూరులో మా తోటికోడలి గృహప్రవేశం. నలుగురం బయల్దేరాం. జయదేవ్ స్టీరింగు దగ్గర, ఆయన ముందు సీట్లో, నేనూ సంయుక్తా వెనక. ముల్లు ముప్పావు. పచ్చ లైట్లు రెండు. కంకిపాడు దాటాక కారు రెండుసార్లు దగ్గి, కాలవ పక్కన ఆగిపోయింది.

"గ్యాసు అయిపోయింది నాన్నా" అన్నాడు జయదేవ్.

"పెట్రోలుకి మార్చరా."

"మార్చా. అదీ లేదు."

"అదేంట్రా, ముల్లు ముప్పావుందిగా!"

చూశారా! రెండేళ్లుగా అబద్ధమాడుతున్న ముల్లు. అయినా ఆ క్షణంలో ఆయన దాన్ని మనస్ఫూర్తిగా నమ్మారు. మన సొంత మనుషుల్ని ఇలా నమ్మితే ఎంత బాగుండును!

ఈలోగా వెనక చెరుకు ట్రాక్టరు వచ్చి నిలబడింది. ట్రాక్టరతను హారన్ కొట్టి కొట్టి విసిగి, "ఏవండీ బాబూ, రోడ్డు మజ్జలో కాపరం పెట్టారా? అవతల ఫ్యాక్టరీ కాడ లైను పెరిగిపోద్ది! పక్కకి తొయ్యండి!" అని అరిచాడు.

మా వారికి పౌరుషం పొడుచుకొచ్చింది. దిగి, చొక్కా చేతులు మడిచి, డిక్కీ మీద రెండు అరచేతులూ ఆనించారు. అంతే! సంయుక్త డోరు తీసుకుని ఒక్క దూకు దూకింది.

"నాన్నా, చేతులు తియ్యి! తొయ్యకు! బరువు ముట్టుకోవద్దని గుండె డాక్టరు చెప్పాడా లేదా నీకు!"

బందరు రోడ్డంతా వినపడింది. ట్రాక్టరు కూడా హారన్ ఆపి విన్నట్టనిపించింది.

నేను కారు దిగాను. "ఏ డాక్టరే?" అన్నాను.

అది గతుక్కుమంది. "బెంజ్ సర్కిల్ దగ్గర..."

"చెప్పుల షాపు పక్కనా?"

"పైన. చెప్పుల షాపు పైనేనమ్మా."

అంటే పూర్తిగా అబద్ధం కూడా కాదన్నమాట! నా పెంపకం మరీ అంత చెడిపోలేదు.

"నువ్వు కంగారు పడతావనే" అన్నారు ఆయన. "నువ్వు భయపడతావనమ్మా" అంది సంయుక్త. "నీకు బీపీ పెరుగుతుందని..." అన్నాడు జయదేవ్. ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు. మూడూ నేనే!

ట్రాక్టరతను దిగొచ్చి, "మీరు పోయి కూకోండి సారూ, నేను తోస్తాలే" అని ఒక్కడే కారుని గట్టు పక్కకి నెట్టేశాడు. పోతూ పోతూ, "అమ్మగారూ, సారుని తర్వాత తిడుదురుగానీ, ముందు నీడన కూకోబెట్టండి" అన్నాడు. పెట్రోలు తేవడానికి జయదేవ్‌ని కూడా ట్రాక్టరు ఎక్కించుకుపోయాడు.

కాలవగట్టు మీద కూర్చుని ఆయన నాలుగు నెలల సంగతీ చెప్పారు. మెట్లెక్కితే గుండెలో పట్టేస్తోందట. డాక్టరు యాంజియోగ్రాం తీయించుకోమని డిసెంబరులోనే రాసిచ్చాడట.

"మరి ఎందుకు తీయించుకోలేదు?" అన్నాను.

ఆయన కాలవలోకి చూస్తూ, "నీకు తెలియకుండా హాస్పిటల్లో చేరడం ఎలాగో తోచలేదే" అన్నారు.

వినండి, వినండి! నన్ను భయపెట్టకుండా ఉండటం కోసం ఈ మనిషి నాలుగు నెలలు గుండెల్లో నొప్పి పెట్టుకుని, మోటారు టైమింగులు చదువుతూ కూర్చున్నాడు! ఇంత ప్రేమ ఏ ఆడదానికి దక్కుతుంది? ఇంకో రెండు నెలలు ఇదే ప్రేమ కొనసాగుంటే నా పరిస్థితేమిటని మాత్రం అడక్కండి.

ఇప్పుడు చెప్పండి. మా ముల్లే గనక నిజం చెప్పే ముల్లయితే ఏమయ్యేది? బుద్ధిగా పెట్రోలు పోయించుకుని, టైముకి ఉయ్యూరు చేరి, పులిహోర తిని, ఫోటో దిగి తిరిగొచ్చేవాళ్లం. సంయుక్త నోరు జారేది కాదు. అందుకే ముల్లు మార్పిద్దామని జయదేవ్ అన్నప్పుడు, దాని జోలికెళితే ఊరుకోనన్నాను. నాసిర్‌కి కూడా ఫోన్ చేసి చెప్పాను.

కంగారు పడకండి, ఆయన బాగానే ఉన్నారు. ఇది రాస్తుంటే పక్కనే నిలబడి, "అవన్నీ పేపరుకి ఎందుకే" అని సణుగుతున్నారు.

గృహప్రవేశం అయిన నాలుగోరోజున యాంజియోగ్రాం తీశారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. డాక్టరుగారు తలుపు తీసుకుని వచ్చి, నా వంక ఒక్కసారి చూసి, సంయుక్తని పక్కకి పిలిచి, ఇంగ్లీషులో మెల్లగా మొదలుపెట్టారు. నేను లేచి వాళ్లిద్దరి మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"డాక్టరుగారూ, నాకు చెప్పండి. తెలుగులో చెప్పండి. నేను పెళ్లయిన రోజునుంచీ ఈ మనిషి గురించి భయపడుతూనే ఉన్నాను. మీరేం చెప్పినా నేను అనుకున్నదానికంటే తక్కువే అవుతుంది."

డాక్టరుగారు సంయుక్త వంక చూశారు. నేల వంక చూశారు. చివరికి నా వంక చూసి, ఎంతో జాగ్రత్తగా, "రెండు చోట్ల రక్తనాళాలు పూడుకుపోయాయమ్మా. రేపే స్టెంట్లు వేసేద్దాం. మీరు మాత్రం గుండె నిబ్బరం చేసుకోవాలి" అన్నారు.

"రెండేనా!" అన్నాను, అమ్మయ్య అని బెంచీ మీద కూలబడుతూ.

డాక్టరుగారే బాగా కంగారుపడ్డారు.