కంఠేశ్వర్‌లో మూడు నిద్రలు

సోమవారం పొద్దున రాజలింగు అనుకున్న పని చిన్నదే. చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, దిండు చంకన పెట్టుకొని ఎనిమిది గంటల బస్సుకు బోధన్ నుంచి నిజామాబాద్ పోవాలి. అక్కడ కంఠేశ్వర్‌లో విమలమ్మ అనే డాక్టరమ్మ ఉంది. రాత్రి షిఫ్టువాళ్ల నిద్ర మీద, నిద్ర లేకపోతే మనసు ఏమవుతుందన్న దాని మీద ఆమె పరిశోధన. తన ఇంటి ముందుగదిలో పగటిపూట మూడుసార్లు పడుకొమ్మని చెప్పింది.

రాజలింగుకు సరైన నిద్ర లేక మూడేళ్లు. భార్య ముత్తవ్వ పోయినప్పటి నుంచీ అంతే. తనకన్నా ముందు పోయినందుకు ఆమెను అతడింకా క్షమించలేదు. ఒక్కసారి కలలోకి వస్తే నిలదీయాలని ఉంది. కల రావాలంటే ముందు నిద్ర రావాలి.

అతడు బస్సెక్కిన గంటకు పోస్ట్‌మ్యాన్ పోశన్న కార్డు తెచ్చాడు. పక్కింట్లో ఉండే రాజలింగు అక్క హన్మవ్వ చదివించుకుంది.

"రాజలింగు గారికి, మా ఇంట్లో మూడు నిద్రలు చేయుటకు తప్పక రాగలరు. ఇట్లు, విమల, కంఠేశ్వర్."

నిద్రలను లెక్కబెట్టడమే పని గనుక డాక్టరమ్మ అలా రాసింది. ఈ వైపు మూడు నిద్రలు చేసేది కొత్తల్లుడు, అత్తగారింట్లో.

"మల్లొకపారి సదువు, పోశన్నా."

"ఎన్నిపార్లు సదివినా మూడే ఉన్నయవ్వా."

"దొంగసచ్చినోడు! ముత్తవ్వ చీర దండెం మీదికెల్లి తియ్యనియ్యడు. కంఠేశ్వర్ల సప్పుడు గాకుంట పెండ్లి చేసుకున్నడా!"

తర్వాతి బస్సులో హన్మవ్వ, తొమ్మిదిమంది చుట్టాలు, ఒక చీర, పసుపు కుంకుమలు, రెండు డప్పులు బయలుదేరాయి. ఆమె ఒళ్లో బీడీల చాట కూడా ఉంది. పెళ్లికి పోయినా, చావుకు పోయినా హన్మవ్వ చేతులు బీడీలు చుట్టడం ఆపవు.

కంఠేశ్వర్‌లో రాజలింగు రెండు గంటలుగా పైకప్పు వాసాలు లెక్కబెడుతున్నాడు. డప్పులు మోగాయి. విమలమ్మ తలుపు తీయగానే హన్మవ్వ ఆమె నొసట ఇంత కుంకుమ పెట్టింది.

"మా మరదలు బంగారమోలె ఉంది!"

విమలమ్మ నెమ్మదిగా కాగితం, కలం తీసింది. "మీకు ఇలా ఎప్పటి నుంచి అనిపిస్తోందమ్మా?"

"పొద్దుగాల కార్డొచ్చిన కాడికెల్లి."

రాజలింగు లేచి కూర్చున్నాడు. "అక్కా, గామె డాక్టరమ్మ."

"ఎవలైతేంది? పెండ్లికి నన్నెందుకు పిలువలె?"

"పెండ్లి లేదు, ఏం లేదు. నిద్రకొచ్చిన."

"గదే అంటున్న. మూడు నిద్రలు!"

విషయం తెలిసేసరికి అరగంట పట్టింది. చుట్టాలు చీర మడతపెట్టి గోడవారగా కూలబడ్డారు. హన్మవ్వకు సిగ్గు కోపంగా మారింది. మంచం పక్కన కూర్చొని, చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ తమ్ముణ్ని తిట్టడం మొదలుపెట్టింది. తిండి లేదు, తిప్పలు లేవు, అక్క మాటంటే లెక్క లేదు. కచ్ కచ్ కచ్.

ఆ చాట, ఆ కత్తెర ముత్తవ్వవి. కళ్లెదుట ఉంచుకోలేక మూడేళ్ల కింద అతడే అక్కకిచ్చేశాడు. ఇరవై ఏళ్లు అతడు షిఫ్టు దిగి వచ్చి పడుకుంటే, పక్కనే ముత్తవ్వ ఆకు కత్తిరిస్తూ ఇవే తిట్లు తిట్టేది.

గురక వినిపించింది.

విమలమ్మ గడియారం చూసుకొని వేలు పెదవుల మీద పెట్టింది. హన్మవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి నిద్ర చెడకూడదని తిట్లు ఆపింది, కత్తెర కింద పెట్టింది.

రాజలింగు ఠక్కున కళ్లు తెరిచాడు.

"ఎందుకాపినవే? కలల గడప దాంక వచ్చింది."

హన్మవ్వ కత్తెర మళ్లీ తీసుకుంది.

మిగిలిన రెండు నిద్రలకు అక్కను చాటతో సహా తీసుకురావాలని, డప్పులు మాత్రం వద్దని డాక్టరమ్మ ఇంకో కార్డు రాసింది.