దిబ్బ కాలనీ సున్నం మాయం కేసు

ప్రపంచంలో మేధావులు రెండు రకాలు. లోకం గుర్తించినవాళ్ళు ఒక రకం. గుర్తించడానికి లోకానికింకా తీరిక దొరకనివాళ్ళు రెండో రకం. అనకాపల్లి దిబ్బ కాలనీ ముందు వరసలో కాపురముండే వరప్రసాదరావు ఈ రెండో రకం. ఆయన కన్ను పడితే నేరస్తుడి గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. ఆయన ముక్కు నేరం వాసనని ఆమడ దూరం నుంచే పసిగడుతుంది. ఈ సంగతి ఎవరు చెప్పారంటారా? ఆయనే చెప్పాడు. రోజూ చెబుతాడు. వినేవాడు త్రినాధరావు.

త్రినాధరావుది రైల్వే గేటు పక్కన సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పంక్చరు వేస్తున్న మనిషి లేచి పారిపోలేడు కాబట్టి వరప్రసాదరావుకి శ్రోతగా దొరికిపోయాడు. వరప్రసాదరావు పగలు బెల్లం మార్కెట్టులో దిమ్మలు తూకం వేస్తాడు, తీరిక వేళల్లో నేరాలు ఛేదిస్తాడు. ఆ మధ్య చర్చిలో హార్మోనియం పెట్టె తాళంచెవి పోతే పాస్టరుగారినే నిలబెట్టి ప్రశ్నలు వేశాడు. పాపం, ఆ పెద్దాయన కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాక, చెమట తుడుచుకుందామని వరప్రసాదరావు జేబురుమాలు తీశాడు. తాళంచెవి కిందపడింది. "సూసేరా, కేసు తేలిపోయింది" అన్నాడు.

రెండువేల తొమ్మిది వేసవిలో ఆయన చేతికి అంతకన్నా పెద్ద కేసొచ్చింది.

దిబ్బ కాలనీ సర్కారు కట్టించి అద్దెకిచ్చిన ఇళ్ళు. ముందొక వరస, వెనకొక వరస. ఐదేళ్ళకోసారి గోడలకి సున్నం వేయించడం హౌసింగు ఆఫీసువాళ్ళ వంతు. ఆ వంతు తప్పిందా, మళ్ళీ ఐదేళ్ళు పెచ్చులు రాలుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఈసారి వాళ్ళు ఒక మెలిక పెట్టారు. "ముందు వరసకి వెయ్యండి. ఇంజినీరు వచ్చి చూస్తాడు. సున్నం గోడని గట్టిగా పట్టుకుని ఉంటే వెనక వరసకీ ఈ వేసవిలోనే. లేదంటే వచ్చే వంతుకే" అన్నారు.

త్రినాధరావుది వెనక వరస. ఆ ఇంట్లో అన్నం తింటుంటే పైనుంచి పెచ్చులు కూరలో పడతాయి. అవి అప్పడాలనుకుని ఒకసారి కొరికాడు కూడా. ఆయన భార్య నూకరత్నం ట్రంకుపెట్టె సర్దేసి మంచం కింద పెట్టుకుంది.

"ఈపాలి మన గోడకి సున్నం పడకపోతే నాను మునగపాక మాయమ్మోళ్ళింటికి ఎల్లిపోతాను. గోడకి రంగేసినాక కబురెట్టు, వత్తాను. ఐదేళ్ళయితే ఐదేళ్ళు" అంది. నూకరత్నం అన్నదంటే చేస్తుంది. అందుకని ముందు వరస గోడల్ని త్రినాధరావు కన్నబిడ్డల్ని చూసినట్టు చూసుకున్నాడు.

కాలనీ ప్రెసిడెంటు పుష్పకుమారి అంగన్‌వాడీ టీచరు. పైసా పెడితే పది పైసల పని రాలాలనే మనిషి. సున్నాలు వేసే హనోకు పక్కనే కుర్చీ వేసుకుని, పాత పొర గీకించి, గోడ కడిగించి, ఆరనిచ్చి రెండు కోట్లు వేయించింది. జిగురు ఖర్చు మిగిల్చే కిటుకు మాత్రం వరప్రసాదరావు ఇచ్చాడు. హనోకు చెవిలో ఏదో ఊది, సంచులేవో తెచ్చి పడేసి, "ట్రేడ్ సీక్రెట్టు" అని కన్నుకొట్టాడు. ఆ మర్నాటికి ఆ సంగతి ఆయనే మరిచిపోయాడు. మేధావులకి మరుపు సహజం.

ముందు వరస ఉతికి ఆరేసిన పంచెల్లా తళతళలాడింది. రెండు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి, కింది భాగమంతా సున్నం మాయం!

"ఓరి దేవుడో! ఎవులు సేసేరిది?" పుష్పకుమారి కేకకి కాలనీ అంతా పోగయింది.

"ఎవరూ కదలవద్దు! ఏదీ తాకవద్దు!" అంటూ జనాన్ని చీల్చుకుని వచ్చాడు వరప్రసాదరావు. వచ్చిన ఊపుకి ఎడమకాలు పచ్చిపేడలో దిగబడింది. "ఛీ" అని చెప్పు రాయికి రుద్దుకుని, పిడి విరిగిన భూతద్దం బయటికి తీశాడు.

"బావా, రాసుకో."

"పెన్ను లేదు బావా."

"అయితే గుర్తెట్టుకో. ఒకటి, దొంగ పొట్టి. సున్నం మోకాలి కాడినుంచి ఛాతీ దాకే పోయింది. పైకి అందలేదు. రెండు, గీకిన గాట్లు లేవు. తడిగుడ్డతో మెత్తగా తుడిచినట్టున్నాది. అంటే మా ఓపికున్న శాల్తీ. ఆడదే అవుతాది. మూడు, మగాళ్ళు అచ్యుతాపురం కంపెనీ బస్సులెక్కిపోయి, ఆడాళ్ళు నడుం వాల్చిన టైము సూసి వచ్చింది. కాలనీ గుట్టు తెలిసిన మనిషి!"

"అంతా బాగుంది గానీ బావా, గోడమీది సున్నం దానికెందుకు?"

"భేష్! అసలు ప్రశ్న అదే! సున్నం ఎవరికి కావాలి?"

అప్పుడే పాలు పోసే అప్పలకొండమ్మ కేను పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "ఈ రెండ్రోజుల్నుంచీ మా గేది పాలు సూసేరా బాబూ? మీగడ ఏలు మందం కడతన్నాది."

"సూసేను, టీ అమృతంలాగున్నాది. పక్కకి తప్పుకో, ఆధారాలు తొక్కేత్తన్నావు" అని ఆవిణ్ణి పక్కకి నెట్టి, వరప్రసాదరావు ఒకవైపే గుడ్లప్పగించి చూశాడు. అక్కడ అరుగు మీద పొట్టిగా, ఓపిగ్గా, దవడలాడిస్తూ కూర్చునుంది చిన్నమ్మలు. కాలనీలో అందరికన్నా పెద్ద ముసలమ్మ.

"ముసలమ్మా! నోట్లో ఏటది?"

"కిళ్ళీ."

"అందులో ఏటేటున్నాయి?"

"ఆకు, సెక్క, సున్నం."

"సున్నం! ఇన్నావా బావా? ఒప్పేసుకున్నాది! సెప్పు, ఆ సున్నం ఎక్కడిది?"

"మీ బాబు పెళ్ళిలో తాంబూలంలో ఎట్టేరు. ఇంకా అవలేదు" అంది చిన్నమ్మలు. తర్వాత లేచి నిలబడి చేతికర్ర తీసింది. "ఆ గోడంతా నాకీడానికి నానేటి గొడ్డునేట్రా సన్నాసీ?"

"మాట మార్చకు!" అన్నాడు వరప్రసాదరావు, కర్రకి అందనంత దూరం వెనక్కి జరిగి. అప్పుడు వచ్చాడు హనోకు. సంగతి తెలిసి మొహం మాడిపోయి ఉంది.

"అమ్మగారూ, నా పనిలో లోపం లేదండి. పైభాగం సూడండి, గోరు దిగట్లేదు. కిందదే ఎందుకు పోతాది? కలిపిందంతా అన్న సెప్పినట్టే కలిపేను..."

"నేను సెప్పినట్టా? చూశారా, డిటెక్టివునే కేసులో ఇరికించాలని చూస్తున్నాడు! ఇదొక అంతర్జాతీయ ముఠా పన్నాగం" అన్నాడు వరప్రసాదరావు. హనోకు నోరు మూసుకుని బ్రష్షు తీసి, పోయినంత మేరా మళ్ళీ సున్నం పట్టించాడు. మర్నాడు మధ్యాహ్నానికి అదీ పోయింది.

ఆ సాయంత్రమే ఆఫీసునుంచి కబురు. ఇంజినీరు రేపే వస్తున్నాడు.

త్రినాధరావు ఇంటికెళ్ళేసరికి ట్రంకుపెట్టె మంచం కిందనుంచి గుమ్మం దగ్గరికి వచ్చేసింది. "రేపు మజ్జాన్నం బస్సు" అంది నూకరత్నం, ఆయన వంక చూడకుండానే. ఆయన గుడ్లనీళ్ళు కుక్కుకుని వరప్రసాదరావు దగ్గరికి పరిగెత్తాడు.

"బావా, రేపు ఇంజినీరు చూసే వేళకి గోడ ఇలాగుంటే నా కాపురం ఐదేళ్ళు వాయిదా."

వరప్రసాదరావు భుజమ్మీద చెయ్యి వేశాడు. "బెంగెట్టుకోకు. శత్రువు గోడ కోసం వస్తాడు. కాబట్టి రేపు నేనే గోడనైపోతాను."

అన్నట్టే మర్నాడు హనోకు మూడోసారి సున్నం వేసి అన్నానికి వెళ్ళగానే, వరప్రసాదరావు పాత దుప్పటి ఒకటి మిగిలిన సున్నం డ్రమ్ములో ముంచాడు. కళ్ళకి రెండు కన్నాలు పెట్టి, నెత్తినుంచి పాదాల దాకా కప్పుకుని, తడిగోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తి పెట్టాడు.

"ఆ చెయ్యెందుకు బావా?"

"దొంగొచ్చినప్పుడు ఆగు అనడానికి. అప్పటికప్పుడు ఎత్తితే కదలిక తెలిసిపోతాది. నువ్వు నీళ్ళ డ్రమ్ము వెనకాల దాక్కో."

ఎండ పెళపెళలాడుతోంది. కాలనీ గురకపెడుతోంది. దుప్పటి ఆరి అట్టకట్టింది. త్రినాధరావుకి కూడా కళ్ళు మూతలు పడుతున్న సమయంలో, సందు మొదట్లోంచి తాపీగా, ఎవరింటికో పేరంటానికి వచ్చినట్టు వచ్చింది అప్పలకొండమ్మ గేదె. దాని మూతి చుట్టూ తెల్లటి చారలు. నేరుగా మొదటి ఇంటి గోడ దగ్గరికి వెళ్ళి, ఇంత పొడుగు నాలిక చాపి, మోకాలి దగ్గర మొదలుపెట్టి ఛాతీ ఎత్తు దాకా ఒక్క వేటుకి నాకింది.

త్రినాధరావు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. గేదె పని మాత్రం చకచకా సాగింది. ఆ ఇల్లు ముగించి పక్కింటికి వచ్చింది. అక్కడ వరప్రసాదరావు ఉన్నాడు.

"బావా!" దుప్పట్లోంచి గుసగుస. కన్నాలు పక్కకి జారిపోయాయి, ఆయనకి ఏమీ కనిపించడంలేదు. "దొంగ వచ్చేసింది. మోకాలు తడుముతున్నాది. తడిగుడ్డే! నే సెప్పలేదూ?"

"బావా, అది గుడ్డ కాదు..."

"ష్! పొట్ట దాకా వచ్చింది. ఊపిరి వెచ్చగా కొడతన్నాది. ఓర్నాయనో, మొహమ్మీద మీసాలు గుచ్చుకుంటన్నాయి! మగాడే!"

"బావా, గేది!"

అప్పుడు గేదె ఇంకాస్త మెడ సాచింది, నాలిక ఆయన మొహమ్మీద పడింది. "ఆగు!" అని ఒక్క పొలికేక పెట్టి ముందుకి దూకబోయాడు. కదల్లేదు. దుప్పటి గోడని పట్టేసుకుంది. ఆయన గింజుకుంటున్నాడు, గేదె ఓపిగ్గా నాకుతోంది. సరిగ్గా అదే సమయానికి సందులోకి జీపు వచ్చి ఆగింది.

ఇంజినీరు దిగాడు. వెనకే పుష్పకుమారి దిగింది. కేకకి నిద్రలేచిన కాలనీ అంతా బయటికొచ్చింది. నూకరత్నం చేతిలో ట్రంకుపెట్టె కూడా ఉంది.

ఇంజినీరుది బెజవాడ. గోడనీ, గోడలో గింజుకుంటున్న గోడనీ, గేదెనీ చూశాడు. గట్టిగా గాలి పీల్చాడు.

"ఇదేంటండీ, ఇక్కడ ఇంత బెల్లం వాసన?"

"ఎక్కడండీ?" అన్నారు అందరూ ఒక్కసారే.

"మాకేటీ రాట్లేదే" అంది పుష్పకుమారి, ముక్కు ఎగబీల్చి. పాపం, అబద్ధం కాదు. అనకాపల్లివాడికి బెల్లం వాసన తెలియడమంటే చేపకి నీళ్ళ వాసన తెలియడమే. ఆ గోడల పక్కనే తిని, పడుకుని, పోట్లాడుకుని, ఒక్కరి ముక్కూ పలకలేదు. ఇక పగలంతా బెల్లం దిమ్మల మధ్య కూర్చునే ముక్కు సంగతి చెప్పేదేముంది.

హనోకు తల గోక్కున్నాడు. "నిజవే సార్. సున్నంలో బెల్లం కలిపేను, జిగురు బదులు. మా తాత కూడా కలిపీవోడు, డ్రమ్ముకి గుప్పెడు. ఈపాలి కారిపోయిన నల్లబెల్లం సంచులకి సంచులు తెచ్చి, మొత్తం ఏసీమన్నారు."

"ఎవరు?"

"అన్న."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?" అంది పుష్పకుమారి.

"సెప్పబోతే ముఠా అన్నారండి."

అందరి చూపులూ గోడ మీదికి మళ్ళాయి. గోడ దగ్గింది.

"నేరస్తుడు," అంది గోడ గంభీరంగా, "ఎప్పటికైనా నేరస్థలానికి తిరిగి వస్తాడు. ఇది శాస్త్రం."

"అవును బావా" అన్నాడు త్రినాధరావు. "వచ్చి అతుక్కున్నాడు."

"ముందు డ్రమ్ములు నాకి, ఆనక గోడలకొచ్చేవేటే! మీగడ ఇందుకా!" అంటూ అప్పలకొండమ్మ వచ్చి గేదె మెడ పట్టుకుని లాగితే అది అయిష్టంగా కదిలింది. వరప్రసాదరావుని లాగడానికి నలుగురు పట్టారు. దుప్పటి రాలేదు. చివరికి ఆయనే కిందనుంచి జారి, బనీనూ లుంగీతో బయటపడ్డాడు. దుప్పటి చెయ్యెత్తుకుని గోడకే నిలబడింది.

కాలనీ నవ్వుతోంది గానీ త్రినాధరావు నవ్వలేదు. ఆయన కళ్ళు ఇంజినీరు మొహమ్మీదున్నాయి. ఇంజినీరు దుప్పటి దగ్గరికి వెళ్ళి ఒక కొస పట్టుకుని లాగాడు. కాలు గోడకి తన్నిపెట్టి మరీ లాగాడు. దుప్పటి పర్రుమని చిరిగింది. సున్నం పెచ్చు కూడా రాల్లేదు.

"సున్నం గోడని పట్టుకుంటుందో లేదో చూద్దామని వచ్చానమ్మా" అన్నాడు, చేతులు దులుపుకుంటూ. "మనిషినే పట్టుకుంది. ఇంకేం చూడాలి? వెనక వరసకీ వేసేయండి."

నూకరత్నం చేతిలో ట్రంకుపెట్టె నెమ్మదిగా కిందికి దిగింది.

"కాకపోతే బెల్లం గుప్పెడే" అన్నాడు ఇంజినీరు. "గొడ్డు మూతి అందేంత ఎత్తుకి ఎర్ర ఆయిల్ పెయింటు పట్టీ కొట్టించండి. ఖరీదైన రంగు దెబ్బ తగిలే చోట చాలు. పైన సున్నమే." పుష్పకుమారి మొహం విప్పారింది. పది పైసల పని రాలింది.

"చూశావా బావా?" అన్నాడు వరప్రసాదరావు లుంగీ బిగించుకుంటూ. "పొట్టిది, ఓపికున్నది, ఆడది, కాలనీ గుట్టు తెలిసింది. నేను చెప్పినదాంట్లో ఒక్కటి తప్పిందా?"

త్రినాధరావు ఆలోచించాడు. తప్పలేదు. అదే ఆయనకి అన్నిటికన్నా బాధ కలిగించింది.

వానలు పడకముందే వెనక వరసకి సున్నం పడింది. రెండు వరసలకీ ఎర్ర పట్టీ పడింది. ఒక్కచోట తప్ప. దుప్పటి పీలికలు ఊడదీశాక గోడ మీద చెయ్యెత్తిన మనిషి ఆకారంలో మందంగా సున్నం మిగిలిపోయింది. హనోకు ఉలి పెట్టి గీకినా రాలేదు.

"ఉంచీండి" అంది నూకరత్నం. "కొత్త గోడలకి దిష్టి తగలకుండా ఉంటాది."

వరప్రసాదరావు మాత్రం దారినపోయేవాళ్ళని ఆపి, అది తన సేవలకి గుర్తుగా కాలనీవాళ్ళు చేయించిన స్మారక చిహ్నమని చెబుతాడు. ఎవరూ నమ్మరు. అప్పలకొండమ్మ గేదె ఒక్కటే రోజూ మధ్యాహ్నం కట్టు తెంపుకుని వచ్చి, ఆ బొమ్మ ముందు కాసేపు భక్తిగా నిలబడి, ఛాతీ మీద ఒక్కసారి నాకి పోతుంది.